ఎర్రమంజిల్ చడావు మీద వెనక సీటు

“ఒక వ్యక్తి సైకిల్ తొక్కుచున్నాడు…” అని మా బిడ్డ ఆటోల వెనక సీట్ల కూసుని గట్టిగ చదువుతున్నది.

“ఎవరు బిడ్డా ఆయన? హెల్మెట్ పెట్టుకున్నడా?” అని అడిగిన.

“డాడీ, డిస్టర్బ్ చేయకు. రేపు టెస్టు. …అతని సామర్థ్యం నూట యాభై వాట్లు. వేగం సెకనుకు ఐదు మీటర్లు. అతను ప్రయోగించు బలమెంత?”

“ముప్పై,” అన్న, పంజాగుట్ట సిగ్నల్ కాడ ఆటో ఆపుకుంట.

అద్దంల చూస్తే నోరు తెరిచి నన్నే చూస్తున్నది. నేను ఎనిమిదో తరగతిల బడి ఇడిసిపెట్టిన సంగతి మా ఇంట్ల అందరికీ తెలుసు. నేను బడిని ఇడిసిపెట్టిననా, బడే నన్ను ఇడిసిపెట్టిందా అన్న కాడనే ఇంకా తకరారు నడుస్తున్నది.

“నీకెట్ల తెలుసు?”

“ఆ వ్యక్తి నేనే బిడ్డా.”

అది పడి పడి నవ్వింది. నేను ఏదన్నా నవ్వుతరు, అలవాటైపోయింది. సిగ్నల్ పడ్డది. ముందట ఎర్రమంజిల్ ఎత్తు. మేం దాన్ని చడావు అనేటోళ్లం. ఇప్పుడు దాని నెత్తి మీద మెట్రో పోతున్నది, రోడ్డు మీద పిల్లర్ల నీడలు పడుతున్నయి. చడావు మొదలైంగనే నా చెయ్యి దానంతట అదే స్పీడు తగ్గించింది. ఎప్పుడూ గంతే. వెనక ఎవరో ఉన్నట్టు, జర పైలంగ పొమ్మన్నట్టు.

*

అప్పుడు ఈ పిల్లర్లు లేవు. పంజాగుట్ట వెనక గల్లీల మాకు రెండు అర్రలుండె. ఒకదాంట్ల మేం పండుకునేది, ఇంకోదాంట్ల పప్పు ఉడికేది. బాపు నా చిన్నప్పుడే కాలం చేసిండు. అమ్మ టిఫిన్ డబ్బాలు కట్టేది. కంప్యూటర్ కోర్సులని ఊర్లకెల్లి పిల్లలు వచ్చి అమీర్‌పేటల దిగుతున్న కాలం అది. మధురానగర్‌ల ఏ ఇంటి మీద చూసినా ఒక హాస్టల్, ఏ హాస్టల్ల చూసినా ఒక్క అర్రల ఆరుగురు, ఆ ఆరుగురికీ ఆకలి. ఆ ఆకలి మీదనే మా పొయ్యి వెలుగుతుండె.

పొద్దుగాల కండ్లు తెరవక ముందే ముక్కు తెరుచుకునేది. కిరోసిన్ స్టవ్ వాసన, దాని మీదికెల్లి ఎల్లిపాయ తాలింపు, పచ్చిపులుసుల ఇంగువ. అమ్మ పుంటికూర పప్పు పెడితే కోస్తా పిల్లలు డబ్బా మూత తీసి, “గోంగూర ఇలా కాదండీ చేసేది” అనేటోళ్లు. నేను పోయి అమ్మకు చెప్పేటోన్ని. “ఇట్ల గాకపోతే ఎట్లనో వాళ్ల అమ్మనే అడిగి రమ్మను” అనేది అమ్మ. మర్నాడు మాత్రం జర కారం తగ్గేది. ఆమెకు మాట గట్టిది, చెయ్యి మెత్తది.

ఆ డబ్బాలు మోసేది నేను, నా సైకిలు. హ్యాండిల్‌కు ఆరు, వెనక క్యారేజీకి ఎన్ని పడితే అన్ని. ముందు అమీర్‌పేట, మధురానగర్ హాస్టళ్లు. తర్వాత తిరిగొచ్చి చడావెక్కి ఎర్రమంజిల్ ఆఫీసుల సార్లకు ఇచ్చేది. అమీర్‌పేట చౌరస్తాల పాంప్లెట్లు పంచేటోళ్లు డబ్బాలు మోసెటోన్ని సుత ఇడిసిపెట్టకపోదురు. “అన్నా, జావా నేర్చుకుంటవా?” “మా అమ్మకు వస్తది భాయ్, రాగులతోని.” అమీర్‌పేటల ఈ జోకు ఎయ్యనోడు లేడు. అయినా రోజూ ఏసేటోన్ని, వాడు రోజూ నవ్వేటోడు, ఒక పాంప్లెట్ల కట్ట నా డబ్బాల మీద పెట్టేటోడు. అమ్మ వాటిని సర్వపిండి కింద పరిచేది. నూనెల తడిసిన ఆ కాగితాల మీద అమెరికా బొమ్మ పారదర్శకంగ, అవతలి గోడ కనపడేటట్టు అయ్యేది.

డబ్బాలల్ల కూర నింపేది అక్క.

అక్క నాకంటే రెండేండ్లు పెద్దది. మనిషి సన్నగ, పెదవులు జర నీలంగ. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి అది గుండెకెక్కింది, వాల్వు ఖరాబైంది. పెద్ద దవాఖానల డాక్టర్ అక్క మొకం చూడకుండ అమ్మతోటే మాట్లాడేటోడు. “మెట్లు ఎక్కనియ్యకు, బరువు ఎత్తనియ్యకు, ఉరకనియ్యకు. ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం.” చెయ్యొద్దు అన్నవన్నీ తీసేస్తే అక్కకు మిగిలింది కూసుని చదువుకునుడే. బడికి పోయేది మానిపిచ్చిన్రు. పదో తరగతి ప్రైవేటుగ కడతనని మొండికేసింది.

“పది పాసై ఏం చేస్తవే? నేను ఎనిమిదిల ఆపేసి మస్తు ఖుషీగ లేనా?” అంటే, గరిటె చూపెట్టుకుంట అన్నది: “నీకేందిరా, నువ్వు వంద పనులు సగం చేసి ఇడిసిపెట్టొచ్చు. నేను ఒక్కటన్న పూర్తి చేసిన అనిపించుకోవాలె.”

నవ్వుకుంటనే అన్నది. నేను సుత నవ్విన. అమ్మ మాత్రం స్టవ్ దిక్కు తిరిగింది.

*

అక్కకు లెక్కలు వచ్చు, తెలుగు వచ్చు. భౌతికశాస్త్రం కాడ ఆగిపోయేది. ఆ పాఠం చెప్పింది మా డబ్బా తినే ఒక సారు. గోదారి దిక్కు నుంచి వచ్చిండు. డిగ్రీల ఫిజిక్స్ చదివి, ఏదో కోర్సు చేస్తుండె. పేరుకు బదులు గోదారి సార్ అనేటోళ్లం. ఆదివారం మా డబ్బాలు బంద్, అందుకని మా ఇంటికే వచ్చి గడప కాడ కూసుని తినేటోడు.

“పిన్నిగారూ, మీ చారు తాగితే మా ఊరు గుర్తొస్తుందండీ.”

“మరి పుంటికూర?”

“పుంటికూర తింటే మా ఊరు ఇంకా ఎక్కువ గుర్తొస్తుందండీ, అది ఇలా ఉండదు కదా!”

అమ్మకు ఆయనంటే అందుకే ఇష్టం, ఉన్నదున్నట్టు చెప్పేటోడని.

ఒక ఆదివారం నా సైకిల్‌ను వాకిట్ల స్టాండు మీద నిలబెట్టి నన్ను ఎక్కమన్నడు. ఆ సైకిల్‌కు డైనమో ఉండె. వెనక చక్రం పక్కన చిన్న సీసా లెక్క ఉంటది. నొక్కితే టైరుకు ఆనుకుంటది. తొక్కితే ముందట లైటు బుగ్గ వెలుగుతది, తొక్కుడు మాత్రం బరువైతది.

“సామర్థ్యం అంటే ఇతనిలో ఉన్న సత్తువ, సెకనుకు ఎంత ఖర్చు పెట్టగలడో అంత,” అన్నడు అక్కతోని. “అది బలాన్ని వేగంతో గుణిస్తే వస్తుంది. కాబట్టి బలం కావాలంటే?”

“సామర్థ్యాన్ని వేగంతోని భాగించాలె,” అన్నది అక్క.

“అబద్ధం,” అన్న నేను సైకిల్ మీదికెల్లి. “ఎక్కువ స్పీడు పోవాలంటే ఎక్కువ బలం పెట్టాలె. మీ లెక్కల స్పీడు పెరిగితే బలం తగ్గుతున్నది. సార్, మీరు ఒక్కరోజు నా డబ్బాలు మొయ్యున్రి.”

“భలేవాడివయ్యా! నీ సత్తువ పెంచితే రెండూ పెరుగుతాయి. నీ సత్తువ ఇంతే అనుకో. అప్పుడు ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి. చడావు మీద ఏం చేస్తావ్ నువ్వు?”

“మెల్లగ పోత.”

“అదీ! ఎత్తు మీద బలం ఎక్కువ కావాలి. సత్తువ పెరగదు. అందుకని వేగం తగ్గించుకుంటావ్. నీ కాళ్లు ఈ సూత్రం ఎప్పుడో నేర్చుకున్నాయి, నువ్వే నేర్చుకోలేదు.”

అమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు. చేతిల పెన్ను అట్లనే పట్టుకుని అడిగింది:

“అంటే సార్… సత్తువ తక్కువున్నోళ్లు సుత, మెల్లగ పోతే ఎక్కొచ్చా?”

“ఎక్కొచ్చమ్మా.”

“ఎంత మెల్లగ?”

“ఎంత మెల్లగైనా.”

“జర ఎక్కువ మెల్లగ పోతే సైకిల్ పడిపోతది సార్,” అన్న నేను. ముగ్గురూ నవ్విన్రు. కానీ అక్క మొకంల నవ్వు కాకుండ ఇంకోటి కనపడ్డది. ఎవరో తాళం తీసిన చప్పుడు విన్నట్టు.

*

ఆ రోజుకెల్లి నాకు బాధ మొదలైంది. నేను డబ్బాలు ఇచ్చి ఇంటికి రాంగనే, “ఇయ్యాల ఎంత బలం పెట్టినవ్‌రా?” అని అడిగేది. “పన్నెండు ఏనుగులది,” అనేటోన్ని. “ఏనుగులు కాదు, న్యూటన్లు.” “న్యూటన్లు అయిపోయినయట అక్కా, కిరాణా షాపుల ఏనుగులే ఉన్నయి.”

ఇంకో కొంటె పని సుత చేసేది. నేను డబ్బాలు కట్టుకుంటుంటే సప్పుడు గాకుండ వచ్చి వెనక డైనమోను టైరుకు నొక్కి పోయేది. నేను చడావు కాడికి వచ్చి, ఇదేందిరా ఇయ్యాల సైకిల్ గాడిద లెక్క మొరాయిస్తున్నదని తిట్టుకుంట తొక్కేటోన్ని. ఎదురొచ్చెటోళ్లు నవ్వేటోళ్లు. “ఏం తమ్మీ, మిట్టమధ్యాహ్నం లైటేసుకుని ఎవర్ని దేవులాడుతున్నవ్?” అప్పుడు వంగి చూస్తే డైనమో టైరుకు అతుక్కుని ఉండేది, బుగ్గ ఎండల ఎలిసిపోయిన పసుపు లెక్క వెలుగుతుండేది.

ఇంటికొచ్చి కొట్లాడితే, “నేను నీ వెంబడి వస్తున్న అనుకో,” అనేది. “చడావు దాక వస్త, మళ్ల పోత.”

*

పరీక్షలు వచ్చినయి. సెంటర్ చడావు అవతల ఒక సర్కారు బడిల పడ్డది. మిగతా అన్ని పరీక్షలకూ ఆటోల తీసుకపోయిన. సైన్సు పరీక్ష రోజే బంద్. ఆటోలు లేవు, బస్సులు లేవు. ఎవరు పిలిచిన్రో ఎందుకు పిలిచిన్రో అడిగే టైం లేదు. అక్క అట్ట, పెన్ను పట్టుకుని గడప కాడ నిలబడ్డది.

“పోనీ తియ్యి బిడ్డా, మళ్ల రాద్దువు,” అన్నది అమ్మ.

“మళ్ల ఎప్పుడు?” అన్నది అక్క.

ఆపరేషన్ ఎప్పుడో, మళ్ల వచ్చే పరీక్షకు అక్క ఎట్లుంటదో డాక్టరే చెప్తలేడు.

వెనక క్యారేజీ మీద పాత బొంత మలిచి ఏసిన. అక్క ఒక దిక్కు తిరిగి కూసుని, ఒక చేత్తోని నా అంగీ పట్టుకున్నది. సాఫు రోడ్డు మీద గాలి లెక్క పోయినం. చడావు రాంగనే సైకిల్ గుంజుడు మొదలుపెట్టింది. లేచి నిలబడి తొక్కిన. గొలుసు కిర్రుమన్నది.

“దిగనా?” అన్నది.

“దిగితే నడుస్తవా? కూసో.”

“మరి ఉరికియ్యకు. సత్తువ పెరగదు. వేగం తగ్గించు.”

“పడిపోతమే!”

“వంకరగ పో.”

గప్పుడు గుర్తొచ్చింది. రిక్షావోళ్లు చడావు అట్లనే ఎక్కేటోళ్లు. రోడ్డు ఈ అంచుకెల్లి ఆ అంచుకు, ఆ అంచుకెల్లి ఈ అంచుకు, పాము లెక్క. బంద్ గాబట్టి రోడ్డు ఖాళీ. అట్లనే మొదలుపెట్టిన. ఒక ఆఫీసు సారు నడుచుకుంట పోతుండె, నా డబ్బా తినేటోడే. “ఏం రా, సర్కసా?” అన్నడు. “అవును సార్, టికెట్ లేదు, చూడున్రి!” అన్న. మాట కోసం ఊపిరి ఖర్చయి కాలు జారబోయింది.

“నోరు మూసుకుని తొక్కురా,” అన్నది అక్క. నా వీపుకు తల ఆనిచ్చింది.

అప్పుడు తెలిసింది నాకు. అంగీల నుంచి దాని గుండె కొట్టుకునుడు నా వీపుకు తగులుతున్నది. తొక్కేది నేను. కూసున్నది అది. అయినా నా కాళ్లకంటే జల్ది కొట్టుకుంటున్నది. రెండు కొట్టి ఒకటి ఆగుతున్నది, మళ్ల ఉరుకుతున్నది. చడావు నేను ఎక్కుతున్ననా, లేకపోతే నా వెనక కూసుని అది ఒక్కతే ఎక్కుతున్నదా అనిపిచ్చింది. నేను ఇంకా మెల్లగ పోయిన. అంతకంటే మెల్లగ పోతే నిలబడ్డట్టే.

బడి గేటు కాడ గంట కొట్టంగ దిగింది. పెదవులు నేరేడు పండు రంగుల ఉన్నయి. గేటు కాడ ఒక్కసారి తిరిగి చూసి లోపలికి పోయింది. నేను బయట వేపచెట్టు కింద కూసుని అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం తినకుండ పట్టుకున్న.

బయటికి వచ్చింది నవ్వుకుంట. “సైకిల్ లెక్క వచ్చిందిరా!”

“ఎవరి సైకిల్?”

“నీదే. ఒక వ్యక్తి అని రాసిన్రు, పేరు మర్చిపోయిన్రు.”

పెరుగన్నం చెరో సగం తిన్నం. తిరిగి వచ్చేటప్పుడు చడావు దిగుడే. కాళ్లు తొక్కుడు ఆపేసిన. చక్రం టిక్ టిక్ టిక్ మనుకుంట తనంతట తను తిరుగుతున్నది. అక్క జుట్టు నా చెవులకు కొడుతున్నది.

“ఇప్పుడు ఎంత బలం పెడుతున్నవ్?”

“సున్నా.”

“సామర్థ్యం?”

“సున్నా.”

“మరి ఈ వేగం ఎక్కడిది?”

“వెనక బర్రె కూసున్నది కద, దాని బరువుది!”

వీపు మీద ఒక్కటి గుద్దింది. అంత గట్టిగ అక్క ఎన్నడూ కొట్టలేదు.

*

ఎండకాలం నడిమిట్ల, అమ్మ మామిడికాయ తొక్కు పెడుతున్న రోజు. ఇల్లంత ఆవపిండి, పచ్చి మామిడి వాసన. అక్క ముక్కలు తుడుచుకుంట కూసున్నది, కూసున్నదల్లా పక్కకు ఒరిగింది. దవాఖానకు తీసుకపోయినం. పొద్దుగాల నాతోని మాట్లాడిన మనిషి, పొద్దుగూకంగ లేదు. ఆ తొక్కు జాడీని అమ్మ ఆ ఏడంత తెరువలేదు. ఇప్పటికీ ఎవరి ఇంట్ల తొక్కు కలిపినా నేను బయటికి వచ్చి నిలబడత.

రిజల్ట్ వచ్చింది. పాసైంది. సైన్సుల మస్తు మార్కులు. ఒక్కటి పూర్తి చేసింది. ఆ సంగతి దానికొక్కదానికే తెల్వదు.

గోదారి సార్‌కు బెంగళూరుల నౌకరీ దొరికి, పోయే ముందు ఇంటికొచ్చిండు. అమ్మ చారు పోసింది. తాగలేదు. వాకిట్ల స్టాండు మీదున్న సైకిల్ డైనమోను టైరుకు నొక్కి, పెడల్‌ను చేత్తోని ఒక్కసారి తిప్పిండు. బుగ్గ వెలిగి ఆరిపోయింది, డైనమోను మళ్ల వెనక్కి గుంజిండు.

“ఎంత మెల్లగైనా ఎక్కొచ్చు అన్నాను కదండీ,” అన్నడు నాతోని. అప్పటిదాక నన్ను ఆయన అండీ అనలేదు. “ఎంతసేపు అన్నది ఆ సూత్రంలో లేదండీ. నేనూ చెప్పలేదు.”

నా కాడ జోకు ఏమన్న ఉంటదని చూసిండు. లేకుండె.

డబ్బాలు మళ్ల మొయ్యాల్సి వచ్చింది, ఆకలి ఆగదు కదా. మొదటి రోజు చడావు కాడికి రాంగనే సైకిల్ బరువైంది. డబ్బాలు ఎప్పటివే, ఇంకా తక్కువే. అయినా వెనక ఎవరో ఎక్కినట్టు గుంజుతున్నది. నవ్వుకుంట వంగిన, డైనమో వెనక్కి గుంజుదామని.

డైనమో టైరుకు ఆని లేదు. దూరంగనే ఉన్నది. బుగ్గ వెలుగుతలేదు.

ఆ తర్వాత రోజూ అంతే. సాఫు రోడ్డు మీద ఏం లేదు. చడావు మొదట్ల ఎక్కుడు, పైకి పోంగనే దిగుడు. అమ్మకు ఒకనాడు చెప్పిన. నిమ్మకాయ కడతదనుకున్న, దర్గాకు తీసుకపోతదనుకున్న. అదేం చెయ్యలేదు. మర్నాడు పొద్దున క్యారేజీ మీద పాత బొంత మలిచి ఏసింది. ఒక చిన్న డబ్బా పెరుగన్నం కట్టింది. రోజూ చడావు ఎక్కినంక వేపచెట్టు కింద కూసుని సగం తిని, సగం ఇడిసిపెట్టేటోన్ని.

తర్వాత గల్లీకో కర్రీ పాయింట్ వచ్చింది, డబ్బాలు పోయినయి. రోడ్డు పెద్దగ చేస్తే మా రెండు అర్రలు రోడ్డు పాలైనయి. సైకిల్ ఏమైందో, ఏ పాత సామాన్లోడు పట్టుకపోయిండో. అమ్మ పోయింది. ఆ వేపచెట్టు కాడ ఇప్పుడు మెట్రో మెట్లున్నయి.

*

ఈ బ్యాటరీ ఆటో కొన్నది మొన్న మొన్ననే. ముందట చిన్న స్క్రీన్ ఉంటది. ఎంత స్పీడు పోతున్నదో, ఎన్ని వాట్లు గుంజుతున్నదో అన్నీ చూపిస్తది. మా బిడ్డకు ముప్పై అని జవాబు చెప్పిన రోజుకెల్లి దానికి అదే ఆట. స్క్రీన్ చూసుడు, వాట్లను వేగంతోని భాగించుడు. మా స్టాండుల ఇంకో భాయ్‌కి సుత గదే ఆటో. ఆయన ఆటోల ముందు సీటుకెక్కి సుత లెక్క చేసుకుని వచ్చింది.

“డాడీ, ఒక ముచ్చట. సాఫు రోడ్డు మీద రెండు ఆటోలూ సేమ్. చడావు మీద మనది ఎక్కువ బలం పెడుతున్నది. ఖాళీ ఆటోనే, నువ్వూ నేనే. అయినా ఒక మనిషి ఎక్కువ ఎక్కినట్టు వస్తున్నది. పెద్ద మనిషి గాదు, జర సన్నని మనిషి.”

మెకానిక్ భాయ్‌కి చూపిస్తే చక్రం తిప్పి చూసిండు. “వెనక బ్రేక్ పడుతున్నట్టుంది అన్న. జర సేపు పని. ఇడిసిపెట్టి పో.”

“బ్రేకైతే సాఫు రోడ్డు మీద సుత పట్టాలె కదా అంకుల్?” అన్నది మా బిడ్డ.

మెకానిక్ నా దిక్కు చూసిండు. “మస్తు తెలివి అన్న నీ బిడ్డకు. ఎవరి పోలిక? నీదైతే గాదు.”

“నాది గాదు,” అన్న.

“మరి బ్రేక్ చూడాల్నా వద్దా?”

“ఫికర్ లేదు భాయ్. ఉండనీ.”

ఇంటికి పోయేటప్పుడు మా బిడ్డ వెనక సీట్ల ఒక మూలకు జరిగి పండుకున్నది. రెండో మూల ఖాళీ. పంజాగుట్ట దాటినం. చడావు మొదలైంది. స్క్రీన్ మీద వాట్లు పెరిగినయి. స్పీడు తగ్గించిన. వెనక కార్లోళ్లు హారన్ల మీద హారన్లు. ఒకడు పక్కకొచ్చి అద్దం దించి, “ఏం అన్నా, నడుచుకుంట పోతున్నవా?” అన్నడు.

నోటి దాక వచ్చిన జోకును మింగి, ఇంకా మెల్లగ పోయిన.